పంపు ఎవరి చేతిలో ఉంది?

కొన్నాళ్ళ క్రితం ఒక మండల కేంద్రానికి దగ్గర్లో ఉన్న హైస్కూలుకి వెళ్ళాను. ఆడపిల్లలు మధ్యలో బడి ఎందుకు మానేస్తున్నారో తెలుసుకునే పని మీద వెళ్ళాను. బడి గోడ వెంట వరసగా ఒకే రంగు సైకిళ్ళు ఆనించి ఉన్నాయి. దగ్గరికి వెళ్ళి చూస్తే చాలావాటి టైర్లలో గాలి లేదు. కొన్నింటి గొలుసులు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. ఒకదాని బుట్టలో ఎండుటాకులు నిండి ఉన్నాయి.

"ఎవరివమ్మా ఇవి?" అని అడిగితే తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె, "మావే మేడమ్, పంచరయినయి" అంది.

"మరి వేయించుకోలేదా?"

"మా అన్న తీస్కపోవాలె మేడమ్. అన్నకి తీరుతలేదు."

పంచరు వేసే షాపు మండల కేంద్రంలో బస్టాండు పక్కన ఉంది. అక్కడ ఎప్పుడూ పదిమంది మగవాళ్ళు కూర్చుని ఉంటారు కాబట్టి ఆడపిల్ల ఒక్కతే వెళ్ళకూడదని ఇంట్లో చెప్పారు. అన్నకి తీరిక దొరికేదాకా ఈ పిల్ల రోజూ నడిచే వస్తోంది. ఆమెతో పాటు నడిచిన ఇంకో పిల్ల అప్పటికే రావడం మానేసింది.

ఆ రోజు నా చేతిలో ఉన్న ప్రశ్నావళిలో "విద్యార్థినికి సైకిలు ఉందా?" అన్న ప్రశ్న ఉంది. "నడుస్తోందా?" అన్న ప్రశ్న లేదు. ఆ ప్రశ్నావళి తయారుచేసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఆ రెండో ప్రశ్న పొరపాటున జారిపోలేదు. స్త్రీల కదలిక గురించి ప్రభుత్వాలూ, స్వచ్ఛంద సంస్థలూ, మహిళా సంఘాల్లో పనిచేసే మనమూ ఆలోచించే తీరులోనే ఆ లోపం ఉంది. చేతికి సైకిలు ఇస్తే స్వేచ్ఛ ఇచ్చేసినట్టే అనుకుంటాం. ఆ సైకిలు దారి మధ్యలో ఆగిపోతే దాన్ని మళ్ళీ నడిపించే విద్య ఎవరి దగ్గర ఉంది, పంపూ పానాలూ ఎవరింట్లో ఉన్నాయి అని అడగం. సైకిలు మీద హక్కులో దాన్ని బాగుచేసుకునే విద్య మీద హక్కు కూడా ఉందని నా వాదన. ఈ రెండోది లేకపోతే మొదటిది అన్నదమ్ముల తీరిక మీద, నాన్న దయ మీద ఆధారపడిన అనుగ్రహంగా మిగిలిపోతుంది.

సైకిలుకి భయపడినవాళ్ళు

ఆడది సైకిలెక్కితే కొంప మునుగుతుందన్న భయం మన ఊళ్ళలోనే పుట్టింది కాదు. ఇప్పుడు మనం తొక్కుతున్న సైకిలు ఆకారం 1880లలో ఇంగ్లండులో స్థిరపడింది. 1888లో బెల్‌ఫాస్ట్‌లో ఉండే జాన్ బాయిడ్ డన్లప్ అనే పశువైద్యుడు గాలి టైరుకి పేటెంటు తీసుకున్నాడు. గాలి టైరుతో ప్రయాణం మెత్తబడింది, పంక్చరూ దానితోనే పుట్టింది. ఆ తర్వాత పదేళ్ళలో యూరపులో, అమెరికాలో మధ్యతరగతి స్త్రీలు పెద్ద సంఖ్యలో సైకిళ్ళెక్కారు. వెంటనే డాక్టర్లు బయల్దేరారు. సైకిలు తొక్కితే ఆడవాళ్ళ ముఖం బిగుసుకుపోతుందని, కళ్ళు గుంటలు పడతాయని, ఆ "జబ్బు"కి "సైకిలు ముఖం" అని పేరు కూడా పెట్టారు. అమెరికాలో స్త్రీల ఓటు హక్కు కోసం జీవితమంతా పోరాడిన సూసన్ బి. ఆంథొనీ మాత్రం 1896లో ఒక పత్రికతో మాట్లాడుతూ, స్త్రీల విముక్తికి సైకిలు చేసినంత మేలు మరేదీ చెయ్యలేదన్న అభిప్రాయం చెప్పింది.

1897 మే నెలలో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో స్త్రీలకు డిగ్రీలివ్వాలా వద్దా అని ఓటింగు జరిగింది. వ్యతిరేకించిన మగ విద్యార్థులు సెనేట్ హౌసు ఎదుట ఒక దిష్టిబొమ్మను వేలాడదీశారు. ఆ బొమ్మ సైకిలు మీద కూర్చున్న స్త్రీది. చదువూ కదలికా ఒకే ప్రమాదానికి రెండు ముఖాలని వాళ్ళకి బాగా అర్థమైంది. ఆ ఓటింగులో స్త్రీలు ఓడిపోయారు. కేంబ్రిడ్జి స్త్రీలకు పూర్తి డిగ్రీలిచ్చింది 1948లో.

సైకిలు మీద కూర్చోవడాన్ని ఇక ఆపలేమని తేలాక, ఎలా తొక్కాలో నిర్ణయించే అధికారం మగవాళ్ళు తమ దగ్గర పెట్టుకున్నారు. గేర్ల కథే దీనికి సాక్ష్యం.

తేలిక గేరు అవమానమా?

గేరు అంటే ఏమిటో ముందు చూద్దాం. ముందు పళ్ళచక్రానికి 44 పళ్ళు, వెనక చక్రం మీది దానికి 18 పళ్ళు ఉన్నాయనుకోండి. పెడల్ ఒక చుట్టు తిప్పితే వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. చదును రోడ్డు మీద ఇది బాగానే ఉంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు, ఎదురుగాలిలో, వెనక బియ్యం మూట ఉన్నప్పుడు మోకాళ్ళు విరుగుతాయి. అదే ముందూ వెనకా 34 పళ్ళున్న గేరు వేస్తే ఒక చుట్టుకి ఒక చుట్టే. నెమ్మదిగా వెళతాం, కానీ దిగి నడవకుండా కొండెక్కుతాం. ఇందులో గొప్పా తక్కువా లేవు. గేరు మారినా మోసే బరువూ ఎక్కే ఎత్తూ మారవు, మోకాలి మీద పడే భారం మారుతుంది.

1902లో ఫ్రాన్సులో గేర్ల సైకిళ్ళను పరీక్షించడానికి కొండ దారుల్లో ఒక పోటీ పెట్టారు. మార్త్ హెస్ అనే స్త్రీ మూడు గేర్ల సైకిలు మీద, ఒక్క గేరు సైకిలు తొక్కిన మగ చాంపియన్‌ని ఓడించింది. దారి పొడుగునా ఆమె కాలు నేలకు ఆనించలేదని పత్రికలు రాశాయి. దీనికి జవాబుగా, మరుసటి ఏడాది టూర్ ద ఫ్రాన్స్ పందేన్ని మొదలుపెట్టబోతున్న ఆన్రీ దెగ్రాంజ్ ఏమన్నాడో చూడండి. గేర్లు మార్చుకోవడం 45 ఏళ్ళు దాటినవాళ్ళకే తగినదట, కండబలంతో గెలవడమే అసలు గెలుపట, మనం మెత్తబడిపోతున్నామట. 1937 దాకా ఆ పందెంలో గేర్లు మార్చే యంత్రాన్ని అనుమతించలేదు. స్త్రీ గెలిచిన రోజున ఆ పనిముట్టే మోసమైంది. మగవాళ్ళకి అవసరమైన రోజున అదే సాంకేతిక ప్రగతి అయింది.

నూటపాతికేళ్ళు కావస్తున్నా ఈ మాట పోలేదు. నేను నలభై ఏళ్ళకి దగ్గరపడ్డాక గేర్ల సైకిలు కొనుక్కున్నాను. ఆదివారాలు హైదరాబాదు నుంచి గండిపేట మీదుగా చేవెళ్ళ వైపు, ఎప్పుడైనా వికారాబాదు అనంతగిరి కొండ దాకా వెళుతుంటాను. "ఆ గేరులో తొక్కితే ఎప్పటికి చేరతారు మేడమ్? బరువు గేరు వేసి బలంగా తొక్కండి" అని దారిలో సలహా చెప్పని మగవాడు లేడు. వాళ్ళ మాట విని రెండు నెలలు బరువు గేరులో తొక్కి మోకాలి నొప్పి తెచ్చుకున్నాను. తేలిక గేరులో వేగంగా కాళ్ళు తిప్పడం అలవాటు చేసుకున్నాక ఆ నొప్పి పోయింది. అందుకే ఈ చిన్న సలహాని రాజకీయం అంటున్నాను. మన శరీరానికి ఏది సరిపోతుందో మనం కాక ఇంకొకరు నిర్ణయించడాన్ని వేరే ఏ మాటతో పిలవాలి?

పుదుక్కోట్టై నుంచి మనం ఏం నేర్చుకోలేదు?

మన పక్క రాష్ట్రంలో, మన కళ్ళముందే జరిగిన చరిత్ర ఒకటుంది. 1991లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్, అరివొళి ఇయక్కం కార్యకర్తలు కలిసి అక్షరాలతో పాటు సైకిలు నేర్పడాన్ని కూడా ఉద్యమంలో భాగం చేశారు. వ్యవసాయ కూలీలు, క్వారీల్లో రాళ్ళు కొట్టే ఆడవాళ్ళు, నర్సులు, టీచర్లు లక్షమందికి పైగా సైకిలు నేర్చుకున్నారు. 1992 మహిళా దినోత్సవం నాడు 1500 మంది స్త్రీలు సైకిళ్ళ మీద ఊరేగారు. ఆడవాళ్ళ సైకిళ్ళు దొరక్కపోతే మగవాళ్ళ సైకిళ్ళే తొక్కారు. అడ్డ కమ్మీ మీద పిల్లని కూర్చోబెట్టుకోవచ్చని అదే మేలన్నవాళ్ళూ ఉన్నారు. ఇదంతా పి. సాయినాథ్ రాశాడు. బస్సు కోసం ఎదురుచూడకుండా, తండ్రీ అన్నా దింపేదాకా ఆగకుండా వెళ్ళగలగడం, మిగిలిన సమయంలో కాస్త విశ్రాంతి తీసుకోవడం వాళ్ళకి దక్కింది. సరిగ్గా అదే కాలంలో మన నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా తరగతుల నుంచే సారా వ్యతిరేక పోరాటం లేచింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. రెండు చోట్లా అక్షరం ఒక పనిముట్టుని చేతికందించింది, ఆ పనిముట్టుతో స్త్రీలు ఏం చెయ్యాలో వాళ్ళే నిర్ణయించుకున్నారు.

ఆ తర్వాత ప్రభుత్వాలు ఉద్యమాన్ని వదిలేసి సైకిలుని మాత్రం పట్టుకున్నాయి. 2006లో బీహారు ప్రభుత్వం తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిలు కొనుక్కోవడానికి డబ్బులిచ్చే పథకం పెట్టింది. దానివల్ల ఆడపిల్లల హైస్కూలు చేరికలు 32 శాతం పెరిగాయని, ఈ విషయంలో మగపిల్లలకూ ఆడపిల్లలకూ ఉన్న తేడా 40 శాతం తగ్గిందని కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ చేసిన అధ్యయనం 2017లో అచ్చయింది. బడి మూడు కిలోమీటర్లు, అంతకు మించి దూరంలో ఉన్న ఊళ్ళలోనే ఈ ఫలితం ఎక్కువగా కనిపించింది. ఆంధ్రప్రదేశ్‌లో కూడా గత దశాబ్దంలో "బడికొస్తా" పేరుతో ప్రభుత్వ హైస్కూళ్ళ ఆడపిల్లలకు సైకిళ్ళిచ్చారు. ఈ పథకాల్ని నేను తక్కువ చెయ్యడం లేదు. ఇచ్చినవాటిని స్వాగతించాల్సిందే, ఆపేసిన చోట మళ్ళీ ఇమ్మని అడగాల్సిందే.

నా ఫిర్యాదు వేరు. సైకిలు ఇచ్చేటప్పుడు షామియానా ఉంటుంది, ఫొటో ఉంటుంది, జాబితాలో సంతకం ఉంటుంది. ఆ సైకిలుతో పాటు వంద గ్రాముల పంక్చర్ సామాను ఎందుకు ఉండదు? బడికొక పంపు ఎందుకు ఉండదు? అన్నివిధాలా ఆలోచించిన అధికారికి టైరులో గాలి దిగిపోతుందన్న సంగతి ఎందుకు తట్టలేదు? గాలి దిగినప్పుడు ఇంట్లో ఒక మగవాడు ఉంటాడు కదా అన్న నమ్మకం ఆ పథకంలో దాక్కుని ఉంది. మగదిక్కు లేని ఇళ్ళు మన ఊళ్ళలో ఎన్ని ఉన్నాయో ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పనవసరం లేదు.

చేతకాదని ఎవరన్నారు?

"ఆడవాళ్ళకి యంత్రాలు పట్టుబడవు" అంటారు. కిరోసిన్ స్టవ్వు పంపు కొట్టి, పిన్నుతో పొడిచి మంట సరిచేసింది ఎవరు? కుట్టు మిషను విప్పి, నూనె వేసి, దారం బిగువు చూసుకునేది ఎవరు? మిక్సీ జారు వాషరు మార్చేది ఎవరు? ఇవన్నీ యంత్రాలే. ఇంటి లోపల ఉన్నంతసేపు వాటిని "ఇంటి పని" అన్నాం. గడప దాటితే అవే "మెకానిక్ పని" అయ్యాయి, వాటికి కూలీ వచ్చింది, మగవాడి పేరు వచ్చింది.

నా సంగతే చెబుతాను. ఒకసారి చేవెళ్ళ రోడ్డు మీద వెనక టైరు పంక్చరైంది. నాతో వస్తున్న మగ మిత్రులు ముగ్గురు క్షణంలో సైకిలు అందుకున్నారు. "మీరు నీడలో నిలబడండి మేడమ్, మేం చూసుకుంటాం." మంచి మనుషులే. పది నిమిషాల్లో అయిపోయింది. నాలుగోసారి కూడా అలాగే నీడలో నిలబడ్డాక నాకు సిగ్గేసింది. పాతికేళ్ళుగా శ్రమ విభజన గురించి రాస్తూ, పాఠాలు చెబుతూ, నా చక్రం ఎలా ఊడుతుందో నాకు తెలియదు. మంచితనంతో చేసిన సాయం కూడా మనల్ని అజ్ఞానంలో ఉంచగలదని ఆ రోజు అర్థమైంది.

మా ఇంటి దగ్గర పంచరు షాపు పెద్దాయన్ని నేర్పమని అడిగితే ముందు నవ్వాడు. "మీకెందుకమ్మా ఈ మురికి పని?" అన్నాడు. మూడు సాయంత్రాలు కూర్చున్నాక నేర్పాడు. చదివేవాళ్ళకి పనికొస్తుందని ఆ విద్యను ఇక్కడ రాస్తున్నాను.

మామూలు సైకిలుకి చక్రం ఊడదీయాల్సిన పనే లేదు. సైకిలుని తలకిందులుగా, సీటూ హ్యాండిలూ నేలకానేలా పెట్టాలి. వాల్వు విప్పి మిగిలిన గాలి తీసేయాలి. టైరు అంచుని రిమ్ము మధ్య గాడిలోకి చేతులతో నొక్కుకుంటూ వస్తే అది వదులవుతుంది. అప్పుడు రెండు లివర్లతో ఒక పక్క అంచుని బయటికి తీసి, లోపలి ట్యూబుని లాగాలి. వాల్వు మళ్ళీ బిగించి గాలి కొట్టి, నీళ్ళ బేసినులో కొంచెం కొంచెంగా ముంచితే చిల్లు దగ్గర బుడగలొస్తాయి. నీళ్ళు లేకపోతే పెదవి దగ్గర పెట్టుకుంటే సన్నటి గాలి తగులుతుంది. ఆ చోటు గుర్తుపెట్టి, గాలి తీసేసి, తడి తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పల్చగా రాయాలి. ఇక్కడే అందరూ తొందరపడతారు. సొల్యూషన్ తడి ఆరి చేతికి జిగురుగా తగిలేదాకా, అంటే సుమారు ఐదు నిమిషాలు ఆగాలి. ఆ తర్వాత అతుకు వేసి గట్టిగా నొక్కాలి.

టైరు మూసేముందు చెయ్యాల్సిన అసలు పని ఒకటుంది. టైరు లోపలంతా వేళ్ళతో మెల్లగా తడిమి ముల్లుని వెతికి తీసేయాలి. పల్లేరు కాయో, సర్కారు తుమ్మ ముల్లో అక్కడే ఉండిపోతే కొత్త అతుకు వేసిన ట్యూబు వంద గజాల్లో మళ్ళీ దిగిపోతుంది. ఒక్క చిల్లు ఉంటే ముల్లు గుచ్చుకుందని, పక్కపక్కనే రెండు చిల్లులుంటే గాలి తక్కువై గుంటలో రిమ్ము ట్యూబుని నొక్కిందని అర్థం. రెండో రకం పంక్చర్లు వారానికోసారి పంపు కొట్టుకుంటే రానే రావు. మొదటిసారి నాకు గంట పట్టింది. ఇప్పుడు పావుగంట పడుతుంది. ఇందులో కండబలంతో పనేమీ లేదు. దీన్ని ఇన్నాళ్ళూ మన దగ్గర దాచిపెట్టడానికి కారణం కూడా కండబలం కాదు.

2019 తర్వాత

పంక్చర్ గురించి రాస్తూ ఒక విషయం దాటేయలేను. 2019 నవంబరు 27 రాత్రి హైదరాబాదు శివార్లలో, శంషాబాద్ దగ్గర టోల్‌గేటు పక్కన స్కూటరు ఆపుకున్న యువ పశువైద్యురాలి మీద అత్యాచారం చేసి చంపేశారు. నిందితులు ఆమె స్కూటరు టైరులో గాలి తీసేసి, బాగుచేయిస్తామని సాయం నటించారని పోలీసులు చెప్పారు. ఆ తర్వాత నెలల పాటు ఈ రాష్ట్రంలో ప్రతి ఆడపిల్లకీ టైరులో గాలి దిగడం అన్నది ఒక పీడకల అయింది.

టైరు బాగుచేసుకోవడం వస్తే ఆమె బతికేదని నేను చచ్చినా అనను. అలా అనడం నేరాన్ని హంతకుల మీది నుంచి తీసి ఆమె మీద పెట్టడం. మెకానిక్ విద్య ఆత్మరక్షణ కవచం కాదు. కాని ఆ ఘటన తర్వాత మన సమాజం ఎంచుకున్న పరిష్కారాలేమిటో గుర్తుచేసుకుందాం. ఆడపిల్లలు రాత్రి బయటికి వెళ్ళొద్దన్నారు. వెళ్ళినా ఇంటికి ఫోను చేస్తూ ఉండమన్నారు. డిసెంబరు 6న నలుగురు నిందితుల్ని పోలీసులు కాల్చి చంపితే న్యాయం జరిగిపోయిందని పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ ఆ కాల్పుల గురించి పోలీసులు చెప్పిన కథనం నమ్మదగింది కాదని 2022లో తేల్చింది. ఈ మొత్తంలో రోడ్డు మీద దీపాలెన్ని పెరిగాయి? రాత్రి బస్సులెన్ని పెరిగాయి? మన మీద ఆంక్షలు మాత్రం పెరిగాయి. భయానికి జవాబుగా మన సైకిలుకీ స్కూటరుకీ తాళం వేశారు. ఆ తాళం తీయించుకోవడం మన రాజకీయం. అందులో పనిముట్లు తెలియడం ఒక చిన్న భాగం, కాని వదులుకోదగ్గ భాగం కాదు.

మనలో మనం అడుగుకునే ప్రశ్నలు

సంఘాల మీటింగుల్లో ఈ మాట ఎత్తితే మూడు అభ్యంతరాలు వస్తాయి. మూడూ తీసిపారేయదగినవి కావు.

మొదటిది: ఆడవాళ్ళ నెత్తిన ఉన్న చాకిరీ చాలదా, పంక్చర్లు కూడా వెయ్యాలా? మగవాళ్ళలో కూడా ఎంతమందికి వచ్చు? షాపుకి డబ్బులిస్తే పోదా? నిజమే, రోజూ వెయ్యమని ఎవరూ అనడం లేదు. నేనూ ఎండలో అలిసిపోతే షాపులోనే వేయిస్తాను. పంక్చర్ వేయడం రాని మగవాడు సైకిలు నడిపించుకుంటూ ఏ షాపుకైనా ఏ వేళకైనా వెళ్ళగలడు, అక్కడ బల్ల మీద కూర్చోగలడు. ఆ పిల్ల వెళ్ళలేదు. చేతనైనా చేయించుకోవడం వేరు, చేతకాక ఎదురుచూడడం వేరు.

రెండోది: ఇలా "మీ కాళ్ళ మీద మీరు నిలబడండి" అంటే ప్రభుత్వం బాధ్యత తప్పించుకోదా? ఈ భయం నాకూ ఉంది. సాధికారత అన్న మాటని అరువు తీసుకుని, రోడ్డూ బస్సూ దీపమూ ఇవ్వాల్సినవాళ్ళు మనకి శిక్షణ సర్టిఫికెట్లిచ్చి చేతులు దులుపుకోవడం చూస్తూనే ఉన్నాం. అందుకే పంక్చర్ శిక్షణని విడిగా అడగకూడదు. బడికి బస్సు, దారికి దీపం, గుంటలు లేని రోడ్డు అడిగే అర్జీలోనే ఇదీ ఉండాలి.

మూడోది చాలామంది పైకి చెప్పరు. అది కులం. మసి, గ్రీజు, నేల మీద గొంతుక్కూర్చుని చేసే పని మనలో చదువుకున్నవాళ్ళకి చిన్నతనం. "పంచరు వేసుకునేవాడు" అన్న మాట ఈ దేశంలో పేద ముస్లింల మీద తిట్టుగా వాడుతున్నారు. ఒక మనిషి చేతిలో ఉన్న విద్యని తిట్టుగా మార్చే సమాజంలో, ఆ విద్య నేర్చుకోవడానికి వెళ్ళడం కూడా ఒక పక్షం తీసుకోవడమే. మనం వాళ్ళ దగ్గరికి శిష్యులుగా వెళ్ళాలి. నేర్పినందుకు, ఇతర శిక్షకులకి ఎంతిస్తామో అంతా ఇవ్వాలి.

కంకర రోడ్డు ఎవరిది?

ఈమధ్య "గ్రావెల్ సైక్లింగ్" అనే క్రీడ బాగా పెరిగింది. తారు లేని దారుల్లో, మట్టిలో, కంకరలో తొక్కడానికి వెడల్పు టైర్లతో, చాలా తేలిక గేర్లతో ప్రత్యేకమైన సైకిళ్ళు చేస్తున్నారు. రోడ్డు సైకిలు టైరు 28 మిల్లీమీటర్లుంటే వీటిది 40 దాకా ఉంటుంది. గాలి తక్కువ కొట్టినా ఆగుతుంది, రాళ్ళ మీద జారదు, ఒళ్ళు హూనం కాదు. నాకూ ఆ దారులంటే ఇష్టమే. కాని ఆ సైకిలు ధరతో ఒక తరగతి ఆడపిల్లలందరికీ సైకిళ్ళు కొనొచ్చు. విచిత్రమేమిటంటే అసలైన కంకర దారి మీద రోజూ తొక్కేది ఆ పిల్లలే. ఒకే ఒక గేరు, బరువైన ఇనుప సైకిలు, సన్నటి టైర్లు, వెనక పుస్తకాల సంచి. ఆ కంకర కొట్టినవాళ్ళలోనూ వాళ్ళ అమ్మలుంటారు. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో సౌర ఫలకాల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు ట్రాకు తెరిచారు. మంచిదే. తెల్లవారుజామున ఇళ్ళలో పనికి నడిచి వెళ్ళే స్త్రీకి ఆ నీడలో ఒక్క కిలోమీటరు కూడా దక్కదు.

ఈ క్రీడ నుంచి మనం తీసుకోవాల్సింది దాని నియమం. దూరప్రయాణ పందేల్లో చాలావాటిలో బయటివాళ్ళ సాయం తీసుకోకూడదు, ఎవరి సైకిలు వాళ్ళే బాగుచేసుకోవాలి. అలాంటి ట్రాన్స్‌కాంటినెంటల్ పందేన్ని 2019లో ఫియోనా కోల్బింగర్ అనే జర్మన్ యువతి రెండు వందల మందికి పైగా ఉన్న పోటీదార్లందరి కంటే ముందు, పది రోజుల్లో పూర్తిచేసింది. నాలుగు వేల కిలోమీటర్లకు పైగా దూరం అది. 2018లో మన దేశపు వేదాంగి కులకర్ణి ఇరవై ఏళ్ళ వయసులో 159 రోజుల్లో సైకిలు మీద ప్రపంచం చుట్టింది. ఇంకా వెనక్కి వెళితే 1924లో ఇటలీ దేశపు పెద్ద పందెం జీరోలో ఒకే ఒక్క స్త్రీ ఆల్ఫొన్సీనా స్ట్రాడా. ఒక రోజు ఆమె హ్యాండిలు విరిగిపోతే చీపురు కర్ర కట్టుకుని తొక్కింది. సమయం మించిపోయి లెక్కలోంచి ఆమెని తీసేసినా చివరిదాకా వెళ్ళింది. బయల్దేరిన 90 మందిలో చివరిదాకా నిలిచిన మగవాళ్ళు 30 మందే.

వీళ్ళని వీరనారులుగా గోడకి తగిలించడం నాకు ఇష్టం లేదు. వీళ్ళ చేతుల్లో పనిముట్లున్నాయి, వాటిని వాడడం ఎవరో ఒకరు నేర్పారు. ఆ పాటి అవకాశం ఆ తొమ్మిదో తరగతి పిల్లకి ఎందుకు లేదన్నదే నా ప్రశ్న.

ఏం అడగాలి?

ఆడపిల్లలకి సైకిళ్ళిచ్చే ప్రతి పథకంలో లివర్లు, అతుకులు, సొల్యూషన్, గరుకు కాగితం, ఒక పానా ఉన్న సంచీ తప్పనిసరి చెయ్యాలి. ప్రతి హైస్కూల్లో నిలబడి కొట్టే పంపు ఒకటి, ఏడాదికి సరిపడా విడి ట్యూబులు ఉండాలి. వాటి తాళం పీటీ సారు దగ్గర కాకుండా పిల్లల దగ్గర ఉండాలి. పిల్ల ఎత్తుని బట్టి సీటు సరిచేసి ఇవ్వాలి. పంచరు షాపు మేస్త్రీలకి కూలీ ఇచ్చి పిల్లలకి రెండు రోజుల శిక్షణ పెట్టించాలి. నేర్చుకున్న పిల్లలు కిందితరగతి వాళ్ళకి నేర్పాలి. సైకిళ్ళెన్ని ఇచ్చారన్న లెక్కతో పాటు ఆరు నెలల తర్వాత ఎన్ని నడుస్తున్నాయన్న లెక్క కూడా ప్రభుత్వం బయటపెట్టాలి.

సంఘాలుగా మనం చెయ్యాల్సింది కూడా ఉంది. శిక్షణ శిబిరాల్లో చట్టాల పాఠం పక్కన ఒక పూట సైకిలు తలకిందులు చేసి పెడదాం. మన ప్రశ్నావళుల్లో ఆ రెండో ప్రశ్న చేరుద్దాం. నా దాంట్లో చేర్చాను.

తర్వాత ఆ బడికి మళ్ళీ వెళ్ళినప్పుడు నా సంచీలో పంపూ పంక్చర్ సామానూ తీసుకెళ్ళాను. ఆరుగురు పిల్లలు చుట్టూ కూర్చున్నారు. బుడగలొచ్చిన చోట వేలు పెట్టి, "ఇంతేనా మేడమ్?" అంది ఆ పిల్ల. అంతే. ఈ "ఇంతే"ని మన దగ్గర ఇన్నేళ్ళు దాచిపెట్టారు. ఆ సాయంత్రం ఆమె సైకిలు మీద ఇంటికి వెళ్ళింది. బడి మానేసిన ఆమె స్నేహితురాలు మాత్రం ఆ రోజు కూడా రాలేదు. ఆమె సైకిలు ఇంకా ఆ గోడకే ఆనించి ఉంది.